కాళ్ల కింద ఆసరా ఉంటే తాబేలు గింజుకోదు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రెండేళ్ల కింద మా బాబు (ఇప్పుడు తొమ్మిదేళ్లు) మారాం చేస్తే హైదరాబాద్‌లో అక్వేరియం షాపు నుంచి బిస్కెట్ అంత తాబేలు పిల్లను తెచ్చాం. ఇప్పుడు నా అరచేతి కంటే పెద్దదైంది. కళ్ల వెనక ఎర్ర గీత ఉంటుంది. తొట్టి కడిగేటప్పుడు దాన్ని బయటికి తీయాలంటే నాకు టెన్షన్. బుస్సుమంటుంది, కాళ్లతో గీరుతుంది. పోయిన వారం చేతిలోంచి జారి గచ్చు మీద పడింది, డిప్ప అంచున తెల్లగా గీత పడింది. వెల్లకిలా తిప్పి పట్టుకుంటే కదలదని మా అత్తమ్మ అంటుంది. మూడేళ్ల పాపేమో దానికి ముద్దు పెడతానని ఏడుస్తుంది. దీనికి తోడుగా పొలంలో దొరికే తాంబేలును తెస్తానని మా తమ్ముడు అంటున్నాడు. అసలు దీన్ని ఎట్లా పట్టుకోవాలి?
ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

సమాధానం:

అమ్మా, ముందు ఆ జారిపడ్డ సంగతి చూద్దాం, మిగతావి తర్వాత. అంచున పడ్డ తెల్ల గీత పైపొరకు మాత్రమే తగిలినదైతే భయపడాల్సింది లేదు. మన గోరు మీద గీత పడ్డట్టే అది. పగటి వెలుతురులో ఒకసారి దగ్గరగా చూడండి. గీత లోపల గులాబీ రంగు కనిపించినా, నెత్తురు చెమ్మ ఉన్నా, వేలు మెల్లగా ఆనిస్తే ఆ ముక్క కదిలినట్టు అనిపించినా అది పగులే. పైకి ఏమీ కనిపించకపోయినా, పడ్డప్పటి నుంచి ఒక పక్కకు ఒరిగి ఈదుతున్నా, నోరు తెరిచి గాలి పీలుస్తున్నా, తిండి ముట్టకపోయినా లోపల దెబ్బ తగిలిందని అనుకోవాలి.

పగులే అయితే డాక్టర్ చూసేదాకా దాన్ని తొట్టిలో వేయకండి. పగుల్లోంచి నీళ్లు లోపలికి పోతే చీము పడుతుంది. బెటాడిన్‌ను నీళ్లలో పలచని టీ రంగు వచ్చేదాకా కలిపి, దూదితో కాకుండా శుభ్రమైన గాజు గుడ్డతో అద్దండి. దూది పోగులు పగుల్లో ఇరుక్కుంటాయి. ఆ తర్వాత మెత్తని పాత బట్ట పరిచిన డబ్బాలో నీడపట్టున ఉంచండి. నీటి తాబేలైనా ఒకటి రెండు రోజులు పొడిగా ఉంటే ఏమీ కాదు. పసుపు, సున్నం, గమ్ము, ఎం-సీల్ ఇవేవీ పెట్టకండి. పగులు మూసేద్దామనే మంచి ఉద్దేశంతోనే పెడతారు, కానీ లోపలి మురికి లోపలే ఉండిపోయి కుళ్లుతుంది. అట్లా అతికించి తెచ్చిన వాటిని నేను చూశాను. ఆ ఎండిపోయిన గమ్ము ఊడదీయడమే అసలు దెబ్బకంటే పెద్ద బాధ వాటికి.

మన జిల్లాల్లో పశువుల దవాఖానాల్లో ఎక్కువగా బర్రెలు, గొర్లు, కోళ్లే వస్తాయి. తాబేలుకు వైద్యం చేసిన అనుభవం అక్కడి డాక్టర్‌కు ఉందో లేదో ముందు ఫోన్‌లో అడగండి. లేదంటే రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం వారి కాలేజీ ఆసుపత్రి ఉంది, అక్కడికి తీసుకెళ్లండి. బస్సులో తీసుకెళ్తే బకెట్‌లో నీళ్లు పోసి వేసుకుపోకండి. కుదుపులకు గోడలకు కొట్టుకుంటుంది, దెబ్బ తిని ఉంటే మునిగిపోవచ్చు కూడా. మూతకు బెజ్జాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా, అడుగున తడి పిండేసిన టవల్, అంతే చాలు.

మీ చేతిలోంచి జారిందని మీరు చాలా బాధపడి రాశారు. నా చేతిలోంచీ ఒకసారి జారింది. పశువైద్యం మొదలుపెట్టిన కొత్తలో, నిలబడి, బల్ల పక్కన, ఒక్క చేత్తో డిప్ప అంచు పట్టుకొని ఇంకో చేత్తో చీటీ మీద ఏదో రాస్తున్నాను. వెనక కాళ్లతో ఒక్క తన్ను తన్నింది. గచ్చు మీద పడ్డ ఆ చప్పుడు నాకింకా గుర్తుంది. మట్టి కుండ పడ్డ చప్పుడు కాదది, లోపల ప్రాణమున్నదేదో పడ్డ చప్పుడు. అది బతికింది గానీ, ఆ రోజు నుంచి ఈ రోజుదాకా నేను నిలబడి తాబేలును పట్టుకోలేదు.

చిన్నప్పుడు మనందరికీ డిప్ప తాబేలు ఇల్లు అని చెప్తారు. ఇల్లు కాదు, ఒళ్లు. దాని వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయే ఆ డిప్ప తయారైంది. పైన గోరులాంటి పలకలు, వాటి కింద ఎముక, ఆ ఎముకలో నెత్తురు, నరాలు. మీరు వేలితో మెల్లగా గీకినా దానికి తెలుస్తుంది. జడ్చర్ల వైపు ఒక ఇంట్లో డిప్పకు వెనకవైపు బెజ్జం వేసి, నైలాన్ తాడు కట్టి, జామచెట్టుకు కట్టేసిన తాబేలును చూశాను. పారిపోకుండా కట్టాం, డిప్పే కదా, నొప్పేముంటుంది అన్నారు. బెజ్జం చుట్టూ నల్లగా చీము గట్టి ఉంది. మేకు కొట్టింది దాని ఎముకలోకే అని చెప్తే ఆ ఇంటి పెద్దాయన మాట్లాడలేదు. కత్తెర తెచ్చి తాడు ఆయనే కోశారు. తెలియకనే చేశారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక మీ తాబేలు ఎందుకు గింజుకుంటుంది అన్నది. దాని లెక్కలో కాళ్ల కింది నేల పోయిందంటే ఏ గద్దో నక్కో నోట కరుచుకుందని అర్థం. అప్పుడు నాలుగు కాళ్లూ ఈత కొట్టినట్టు ఆడిస్తుంది. ఆ కాళ్లకు ఏదీ అందకపోతే ఇంకా బలంగా తంతుంది. మీరు కోపమనుకుంటున్నది కోపం కాదు, పడిపోతున్నానన్న భయం. బుస్సుమనే చప్పుడు కూడా అంతే. తల, కాళ్లు ఒక్కసారి లోపలికి లాక్కున్నప్పుడు ఆ కాస్త చోటులో ఊపిరితిత్తుల్లోని గాలి బయటికి తన్నుకొస్తుంది. పాము బుసకూ దీనికీ సంబంధం లేదు. కాబట్టి తాబేలును పట్టుకోవడంలో నేను చెప్పేదంతా ఒక్క మాట చుట్టే తిరుగుతుంది: దాని కాళ్లకు ఎప్పుడూ కింద ఏదో ఒకటి తగులుతూ ఉండాలి.

అన్నిటికంటే తేలికైన పద్ధతి ముందు చెప్తాను, మీకు టెన్షన్ అన్నారు కదా. కూరగాయలు కడిగే పెద్ద ప్లాస్టిక్ జాలీ బుట్ట ఒకటి దీనికోసమే కొనండి. మళ్లీ వంటింట్లోకి రాకూడదు. బుట్టను తొట్టిలో ముంచి, తాబేలు వెనక నుంచి మెల్లగా దాని కిందికి జరపండి. నీళ్లు జాలీలోంచి కారిపోతాయి, తాబేలు బుట్టలో నాలుగు కాళ్ల మీద నిలబడి పైకొస్తుంది. గింజుకోదు. చాలాసార్లు మెడ చాచి అటూ ఇటూ చూస్తుంది, అంతే. బుట్ట లోతుగా ఉండాలి, లేకపోతే అంచు ఎక్కేస్తుంది. తొట్టి కడగడం వరకు మీకు ఇదొక్కటే సరిపోతుంది. నీళ్లు మార్చడానికైతే ప్రతిసారీ దాన్ని తీయనక్కర కూడా లేదు. సన్న పైపుతో అడుగు నుంచి సగం నీళ్లు లాగేసి కొత్త నీళ్లు పోయొచ్చు. పైపును మాత్రం నోటితో పీల్చకండి. పైపు నిండా నీళ్లు పట్టి, వేలు అడ్డం పెట్టి కిందికి వదిలితే అదే లాగుతుంది. భగీరథ నీళ్లైనా మున్సిపల్ నల్లా నీళ్లైనా ఒక రోజు బకెట్‌లో నిలవ ఉంచి పోయండి, క్లోరిన్ వాసన పోతుంది.

చేత్తోనే పట్టుకోవాల్సి వస్తే, మందు వేయాలన్నా, డిప్ప చూడాలన్నా, తూకం వేయాలన్నా, ఇట్లా చేయండి. ముందు చేతులు సబ్బుతో కడిగి బాగా తుడుచుకోండి. చేతికి చేపల వాసనో కోడికూర వాసనో ఉంటే తిండే అనుకొని వేలు అందుకుంటుంది. కింద పీట వేసుకొని కూర్చోండి. మీ ముందు పాత దుప్పటినో టవల్‌నో నాలుగు మడతలు వేసి పరవండి. తాబేలుకు మీరు పక్క నుంచి కనిపించాలి. నెత్తి మీద నుంచి చేయి దించితే ఆ నీడకే బెదురుతుంది, ఆకాశం నుంచి వచ్చేది ఏదైనా దానికి గద్దే.

తడి ఉంటే ముందు బట్టతో డిప్ప అద్దండి. నాచు పట్టిన డిప్ప సబ్బు బిళ్లలాగా జారుతుంది, మీ చేతిలోంచి జారడానికి చాలావరకు అదే కారణమై ఉంటుంది. తర్వాత రెండు చేతులూ రెండు పక్కల నుంచి తెచ్చి, ముందు కాలికీ వెనక కాలికీ మధ్య ఉన్న చోటు పట్టుకోండి. బొటనవేళ్లు డిప్ప పైన, మిగతా నాలుగేసి వేళ్లు పొట్ట కింద. నిండా పప్పుచారు పోసిన పళ్లెం ఎత్తినట్టు ఎత్తండి, ఏ పక్కకూ ఒరగకుండా, కుదుపు లేకుండా. నేల నుంచి జానెడు ఎత్తు దాటొద్దు. తల అవతలివైపు ఉండాలి.

ఎత్తిన వెంటనే కుడిచేతి అరచేతిని పొట్ట కిందికి జరపండి. వెనక కాళ్లు మీ అరచేతి మీదో మణికట్టు మీదో ఆనాలి. ఇక్కడ ఒక్క క్షణం గమనించండి. మొదట ఆ కాళ్లు గాల్లో కొట్టుకుంటాయి, గోళ్లు మీ చర్మానికి గుచ్చుకుంటాయి, మీకు వదిలేయాలనిపిస్తుంది. వదలకండి. పాదం మీ చేతికి తగిలి నిలదొక్కుకున్నాక తన్నడం తగ్గుతుంది. కాసేపటికి తోక సాగుతుంది, ఆ తర్వాత మెడ ముడతలు ఒక్కొక్కటే విప్పుకుంటూ తల బయటికొస్తుంది. అప్పుడు దానికి భయం తగ్గిందని మీకు తెలుస్తుంది. ఎడమచేయి మాత్రం డిప్ప మీద ఆనించే ఉంచండి, అదిమి కాదు, ఊరికే ఆనించి. గోళ్లకు భయపడితే మణికట్టు దాకా పాత సాక్సు తొడుక్కోండి. ముందు కాళ్ల గోళ్లు పొడుగ్గా ఉంటే అది మగది కావచ్చు, ఈ ఎర్ర గీత జాతిలో మగవాటికి అట్లాగే ఉంటాయి. కత్తిరించకండి, గోటి లోపల నెత్తురు ఉంటుంది.

గట్టిగా నొక్కి పట్టడం, కాళ్లను లోపలికి తోసి పట్టడం చేయొద్దు. తాబేలుకు మనలాగా ఛాతీ ఉబ్బదు, ఎముకల పెట్టె కదా. కాళ్ల మొదట్లో ఉండే కండరాలు ఆడితేనే గాలి లోపలికీ బయటికీ పోతుంది. కాళ్లు బిగించి పట్టామంటే ఊపిరి బిగించినట్టే. తోక పట్టి ఎత్తడం, కాలు పట్టి లాగడం అసలే వద్దు. తోక అంటే వెన్నెముక చివర. పిల్లలు కార్టూన్లలో చూసి తోక పట్టుకుంటారు, మీ బాబుకు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి. ఇంకోటి, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి ఎప్పుడూ ఇవ్వకండి. తాబేళ్లు పడేది ఎక్కువగా ఆ మార్పిడిలోనే. ఒకరు కింద టవల్ మీద పెట్టాలి, ఇంకొకరు అక్కడి నుంచి ఎత్తుకోవాలి.

మీ అత్తమ్మగారి మాటకు వస్తాను. వెల్లకిలా తిప్పితే కదలదన్నది ఆవిడ కళ్లారా చూసిందే, అబద్ధం కాదు. కానీ అది హాయిగా ఉండి కదలకపోవడం కాదు. తాబేలు ఊపిరితిత్తులు డిప్పకు లోపలివైపు, వీపుకు అంటి ఉంటాయి. వెల్లకిలా వేస్తే పేగులు, కాలేయం అన్నీ వాటి మీద పడతాయి, ఊపిరి ఆడటం కష్టమవుతుంది. కడుపులో గుడ్లున్న ఆడదైతే ఇంకా ప్రమాదం. ఆవిడకు ఇట్లా చెప్పి చూడండి: మనం నిండుగా భోంచేసి పడుకున్నాక ఛాతీ మీద బియ్యం మూట పెడితే మనమూ కదలం కదా అని. పొట్ట వైపు ఏమైనా పుండు ఉందో చూడాలంటే తిప్పనక్కర లేదు. రెండు చేతులతో సమంగా ఎత్తి పట్టుకోండి, బాబును కింద నుంచి ఫోన్‌తో ఫొటో తీయమనండి. పెద్దది చేసుకొని తీరిగ్గా చూసుకోవచ్చు, అదే ఫొటో డాక్టర్‌కూ పంపొచ్చు.

పాప ముద్దు సంగతి. ఇక్కడ మాత్రం నేను మెత్తగా చెప్పను. మూడేళ్ల పాప తాబేలును ముట్టుకోవద్దు, ముద్దు అసలే వద్దు. పైకి ఎంత ఆరోగ్యంగా ఉన్నా తాబేళ్ల ఒంటి మీద, అవి ఉన్న నీళ్లలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. దానివల్ల తాబేలుకు ఏమీ కాదు. మనకు వాంతులు, నీళ్ల విరేచనాలు, జ్వరం, కడుపునొప్పి. ఐదేళ్లలోపు పిల్లలకు అది ముదిరి ఒక్కోసారి నెత్తురులోకి పోతుంది. మీ తాబేలు జాతి పుట్టిల్లు అమెరికా. అక్కడ పిల్లలు ఇట్లాగే చిన్న తాబేళ్లను నోట్లో పెట్టుకొని జబ్బు పడుతున్నారని 1975లోనే 4 అంగుళాల కంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు. మన దగ్గర అదే బిస్కెట్ అంత పిల్లలను పిల్లల చేతికే ఇచ్చి అమ్ముతున్నారు.

పాపకు ఏడుపు ఆగాలంటే ఒక పని ఇవ్వండి. తొట్టి బయట నిలబడి, తాబేలు తిండి గుళికలు చెంచాతో వేయనివ్వండి, పక్కన మీరుండి. అది ఈదుకుంటూ పైకొచ్చి గుటుక్కున మింగుతుంటే ముద్దు సంగతి మర్చిపోతుంది. బాబుకు తొమ్మిదేళ్లన్నారు కదా, వాడు పట్టుకోవచ్చు, కానీ కింద కూర్చొని, మీరు పక్కనుండగా. పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, 20 సెకన్లు అయ్యేలా వేళ్ల సందులు, గోళ్ల కింద కూడా. శానిటైజర్ రాసుకుంటే చాలనుకోవద్దు. తొట్టిని గిన్నెలు తోమే చోట, వంటింటి సింకులో కడగకండి. బాత్రూంలో కడిగి, ఆ తర్వాత ఆ చోటంతా బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో కడగండి. ఇంట్లో గర్భిణి ఉన్నా, క్యాన్సర్ మందులు వాడుతున్నవారు ఉన్నా వాళ్లు ఈ పని చేయకూడదు. అత్తమ్మగారికి షుగర్ ఉంటే ఆవిడ చేతా చేయించకండి.

కరిస్తే ఏం చేయాలో మీరు అడగలేదు గానీ తెలిసి ఉండాలి. తాబేలుకు పళ్లుండవు, చిలుక ముక్కులాంటి గట్టి అంచు ఉంటుంది. మీ తాబేలు సైజుకు వేలు చర్మం తెగేంత కరవగలదు. పట్టిందంటే ఉడుం పట్టే. లాగితే చర్మం చీరుతుంది, దాని దవడకూ దెబ్బే. కరిచిన చేతినీ తాబేలునూ కలిపి తొట్టి నీళ్లలోకి దించి కదలకుండా ఉండండి, కాళ్ల కింద నీళ్లు తగిలాక తప్పించుకుందామని అదే వదులుతుంది. గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో బాగా కడిగి డాక్టర్‌కు చూపించండి, టీటీ సంగతి ఆయన చెప్తారు. కుక్క కరిచినప్పటి సూదులు దీనికి అవసరం లేదు. రేబిస్ పాలిచ్చే జంతువులకే వస్తుంది, తాబేలుకు రాదు.

ఎండ గురించి రెండు మాటలు. నల్గొండ ఎండలు మీకు నేను చెప్పాలా? మే నెలలో తొట్టి కడుగుతూ తాబేలును స్టీలు బేసిన్‌లో పెట్టి వాకిట్లో వదిలేస్తే, మీరు తిరిగొచ్చేలోపు ఆ బేసిన్ పొయ్యి మీది గిన్నె అవుతుంది. ఎప్పుడు బయట పెట్టినా నీడలో, ప్లాస్టిక్ టబ్‌లో. దానికి ఎండ కావాలి, నిజమే, ఎండ లేకపోతే డిప్ప మెత్తబడుతుంది. కానీ ఎనిమిదిలోపు లేత ఎండ, సగం నీడ ఉండేట్టు, పావుగంటో అరగంటో, మీరు అక్కడే ఉండి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండతో ఆ పని జరగదు. దానికి కావాల్సిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. మిద్దె మీద, గోడ మీద పెట్టకండి. తాబేలు నెమ్మది అని మనం అనుకుంటాం, మీరు ఫోన్ ఎత్తి మాట్లాడేలోపు అంచుదాకా పోతుంది, కింద ఎంత లోతుందో దానికి తెలియదు.

ఊరికే ఒడిలో పెట్టుకొని నిమరడానికి మాత్రం తీయకండి. కుక్కపిల్లలాగా అది నిమిరితే మురిసిపోదు, ఓర్చుకుంటుంది, అంతే. అయినా మిమ్మల్ని గుర్తుపడుతుంది. రోజూ తిండి వేసే మనిషి వస్తే అద్దం దగ్గరికి ఈదుకుంటూ వచ్చి మెడ చాస్తుంది. మీరు గమనించే ఉంటారు. ఇది ఇరవై ముప్పై ఏళ్లు బతికే ప్రాణి. ఆడదైతే డిప్ప అడుగు పొడవు దాకా పెరుగుతుంది. మీ బాబు ఉద్యోగానికి పోయేనాటికి కూడా ఇది మీ ఇంట్లోనే ఉండొచ్చు. నెలకోసారి తూకం వేసి గోడ మీది క్యాలెండర్‌లో రాసుకోండి. తూకం పడిపోతుంటే తిండి మానేయకముందే మీకు తెలుస్తుంది.

పెద్దదైంది, ఇక సాకలేం అనిపిస్తే సాగర్ కాలువలోనో ఊరి చెరువులోనో వదలకండి. దేవుడి పేరు చెప్పుకొని వదులుతుంటారు, పుణ్యమనుకుంటారు. ఈ ఎర్ర గీత తాబేలు ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ హాని చేసే 100 పరాయి జాతుల పట్టికలో ఉంది. మన చెరువుల్లో మన తాంబేళ్ల తిండి, అవి ఎండ కాచుకునే రాళ్లు, గుడ్లు పెట్టే గట్లు ఇది ఆక్రమిస్తుంది, రోగాలూ అంటిస్తుంది. అప్పుడు జిల్లా అటవీ అధికారులను గానీ, జూ వాళ్లను గానీ అడగండి.

ఇక మీ తమ్ముడు తెస్తానన్న తాంబేలు. వద్దని చెప్పండి, ఇవాళే చెప్పండి. మన మడికట్లలో, సాగర్ ఎడమ కాలువ కింది పొలాల్లో దొరికేది ఎక్కువగా మెత్తని అంచు డిప్ప ఉన్న తాంబేలు. వెనక కాళ్లు లోపలికి లాక్కొని, కింద ఉండే తోలు మడతలతో తలుపు వేసుకున్నట్టు మూసుకుంటుంది, అదే దాని గుర్తు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో అది మొదటి షెడ్యూల్ జీవి, పులితో సమానం. 2022లో చట్టాన్ని సవరించాక ఈ షెడ్యూల్‌లోని జీవిని పట్టినా దాచినా 3 నుంచి 7 ఏళ్ల జైలు, తక్కువలో తక్కువ 25,000 రూపాయల జరిమానా. కలిసొస్తుందని కొందరు ఇళ్లలో పెట్టుకునే నక్షత్ర తాబేలుకూ ఇదే వర్తిస్తుంది. శ్రీకూర్మం గుడిలో సాకే నక్షత్ర తాబేళ్లను చూసి వచ్చి ఇంట్లోనూ ఉంటే బాగుండని ఆశపడేవారున్నారు. ఆ ఆశ మీదే దొంగ వ్యాపారం నడుస్తుంది.

చట్టం పక్కన పెట్టినా తోడు అన్నది దీనికి అక్కర్లేదు. తాబేళ్లు ఒంటరి ప్రాణులు. రెండు జాతులను ఒక తొట్టిలో వేస్తే ఒకటి ఇంకోదాని కాళ్లు, తోక కొరుకుతుంది.

మా నాయన దేవరకొండ దగ్గర మా పొలంలో కరిగెట దున్నుతుంటే ఎండాకాలమంతా బురదలో దాగి పడుకున్న తాంబేలు ఒకటి నాగలికి అడ్డం వచ్చింది. ఎడ్లను ఆపి, తువ్వాల తడిపి దాని మీద కప్పి, తట్ట కిందికి జరిపి ఎత్తాడు. అప్పుడు నాకు ఏడెనిమిదేళ్లు, తట్టతో ఎందుకో అర్థం కాలేదు. ఈ తాంబేలు మెడ పొడుగు, వెనక్కి తిప్పి డిప్ప సగందాకా అందుకొని కరుస్తుంది, మీ ఇంట్లో ఉన్నదాన్ని పట్టినట్టు పక్కల నుంచి చేతులతో పట్టడానికి లేదు. మీ తమ్ముడికి ఈసారి పొలంలో కనిపిస్తే అట్లాగే తట్టలో ఎత్తమనండి. దూరం తీసుకుపోవద్దు, అదే పొలం పక్కన తేమ ఉన్న కాలువ గట్టు మీద, అది ఎటు మొహం పెట్టి పోతుందో అటే మొహం పెట్టి దించమనండి. డిప్పకు దెబ్బ తగిలి ఉంటే అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయమనండి, వాళ్లు వచ్చేదాకా తడి గోనెసంచి కప్పి నీడలో ఉంచితే చాలు.